అమ్మ ఏ గుడి మనిషి

గోపాలపట్నం
2 ఫిబ్రవరి 2025

తమ్ముడు నరేష్‌కి, అక్క ఆశాజ్యోతి రాస్తున్నది.

ఫోన్లో అయితే ఇద్దరం అరుచుకుంటున్నాం, ఏదున్నా మెయిల్ రాయి అన్నావు. సరే, రాస్తున్నాను. షాపులో బిల్లులు కొట్టే కంప్యూటర్ మీదే కొడుతున్నాను. ఎవరైనా కిటికీ కొలతలు పట్టుకుని కర్టెన్ల కోసం వస్తే లేచి వెళ్తాను, మళ్ళీ వచ్చి మొదలెడతాను. వరస తప్పితే నువ్వే సర్దుకో.

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పులు మామూలే. సీతమ్మధారలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆయన క్లినిక్ ఉన్నదే రెండో అంతస్తులో. దిగేటప్పుడు అమ్మ ఆయన్ని దీవించుకుంటూ దిగింది, ఏమని దీవించిందో రాయను.

నువ్వు అన్నీ తెలిసీ ఏమీ తెలీనట్టు అడుగుతావు కాబట్టి మొదటినుంచి చెప్తాను, తర్వాత నాకు చెప్పలేదనకు. మన పాస్టరు అయ్యగారు రోము కథోలిక సభలో కలుస్తానన్నప్పుడు మన సంఘం నుంచి కొన్ని కుటుంబాల వాళ్ళం ఆయన వెంట వెళ్ళాం. అప్పుడు నువ్వు పారాదీప్ పోర్టులో క్రేన్ మీద ఉన్నావు, వెళ్ళొద్దని ఫోన్లో అన్నావు, నేను వెళ్ళాను. కథోలిక బిషప్ గారు కొండ కింద ఖాళీగా పడున్న చిన్న గుడి మాకిచ్చారు. మన పాత ప్రార్థన పుస్తకం, మన పాటలు, పీఠం ముందు చెక్క కమ్మీ దగ్గర మోకరించడం, అన్నీ ఉంచుకోమన్నారు. పెళ్ళైనా మన అయ్యగారు ఫాదర్‌గా ఉండొచ్చని రోము నుంచే అనుమతి వచ్చింది. పేరుకి కథోలిక విచారణే, అంటే వాళ్ళ సంఘమే గానీ, కళ్ళు మూసుకుని కూర్చుంటే నాన్న బైబిలు పాఠం చదువుతున్నట్టే ఉంటుంది.

అయితే మమ్మల్ని ఎవరూ నమ్మరు. పెద్ద విచారణ నుంచి చిట్టెమ్మగారని ఒకావిడ, ఇల్లు దగ్గరని మా పూజకి వస్తుంది. మొన్న నన్ను పక్కకి లాగింది.

"ఫాదరు ఇంటెనకాల సీరలు ఆరేసున్నాయి. ఎవలియమ్మా అయి?"

"ఆయన భార్యవి."

"ఏటీ?"

"పెళ్ళాం, చిట్టెమ్మగారూ. అనూరాధమ్మగారని. ఇద్దరు పిల్లలు కూడా."

"పైవోళ్ళకి తెలుసా ఈ సంగతి?"

"రోముకే తెలుసు."

ఆవిడ ఆ రోజంతా నన్నే చూసింది, ఏదో నేనే దాచిపెట్టినట్టు. ఇటు మన పాత సంఘం వాళ్ళు బజారులో కనపడితే నా మెడలో జపమాల ఉందా అని చూస్తారు. అటు వాళ్ళకి మేము కొత్తవాళ్ళం, ఇటు వాళ్ళకి పోయినవాళ్ళం. నా చేతిలో గుడ్డ కొలిచే మూర కర్ర చూసి ఏ గుడి దాన్నో ఎవరూ అడగరు, అందుకే షాపులోనే హాయిగా ఉంటుంది.

అమ్మ సంగతి అడిగావు. అమ్మ నాతో పాటు వస్తుంది, అంతే. ఇంట్లో ఒక్కర్తినీ వదిలెయ్యమంటావా?

దుప్పట్ల కోసం ఎవరో వచ్చారు, ఉంటాను. చలికి చెవులు కప్పుకో.
అక్క


పారాదీప్
9 ఫిబ్రవరి 2025

అక్కకి వందనాలు.

చాలా రాశావు. డాక్టర్ మెట్ల గురించి రాశావు, చీరల గురించి రాశావు. నేనడిగింది ఒక్కటే, దాన్ని చివర్లో రెండు మాటల్లో తోసేశావు. బేరం కుదరనప్పుడు నువ్వు కస్టమర్‌కి ఇంకో గుడ్డ చూపిస్తావు, నాకు తెలుసు.

మళ్ళీ అడుగుతున్నాను. అమ్మ మీలో చేరిందా, లేదా?

ఇది మాటవరస ప్రశ్న కాదని నీకూ తెలుసు. నాన్నని సమాధిలో పెట్టిన రోజున పక్కన తనకి చోటు వదలమని అమ్మ అడిగింది. కమిటీ వదిలింది. ఇన్నేళ్ళుగా ఎంతమంది అడిగినా ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు. కానీ సంఘం రూలు సంఘం రూలే. వేరే సభలో చేరినవాళ్ళకి మన సమాధుల తోటలో చోటు లేదు. నీకు లేదు, అది నువ్వు కోరుకున్నదే. అమ్మకి కూడా లేకుండా చేశావా అనేది నాకు తెలియాలి.

నా దగ్గర ఫోటో ఉంది. కామరాజు బాబాయి పంపాడు. మీ గుడిలో కమ్మీ దగ్గర అమ్మ మోకరించి ఉంది. వెనక పువ్వులు, మీ అయ్యగారు బంగారు రంగు అంగీలో ఉన్నాడు. ఫోటో నీకు పంపను. పంపితే అందులో ఉన్నదాని గురించి వదిలేసి ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని మొదలెడతావు.

ఇంకొకటి. పోయిన మెయిల్లో 'పూజ' అని రాశావు. మనింట్లో ఎప్పుడూ ఆరాధన అనే అన్నాం. అమ్మ కూడా ఇప్పుడు పూజ అనే అంటోందా? అమ్మ తలమీద మళ్ళీ నీళ్ళు పోశారా? పోస్తే నాన్న ముందు ఆమె తీసుకున్న బాప్తిస్మం ఏమైనట్టు?

అవును, కాదు. రెండిట్లో ఒకటి రాయి.
నరేష్


గోపాలపట్నం
16 ఫిబ్రవరి 2025

నరేషూ,

సరే అయితే. అవును.

నవంబర్‌లో చేరింది. నేను దగ్గర లేను. క్రిస్మస్ సరుకు కోసం ఈరోడ్ వెళ్ళాను, ఏటా వెళ్ళేదే. అయ్యగారు క్రీస్తురాజు పండగ ఆదివారం అన్నారు, నేను వచ్చేదాకా ఆగమ్మా అన్నాను. "నువ్వు నేకపోతే ఏటి, నాను ఉన్నాను గదా" అంది. తిరిగొచ్చాక అయిపోయిందా అమ్మా అని అడిగితే, కూరగాయలు తరుగుతూ ఆఁ అంది. నీకు చెప్పొద్దని కూడా అంది. అందుకే చెప్పలేదు, తప్పించుకుందామని కాదు.

నీళ్ళు ఎవరూ పొయ్యలేదు. మన బాప్తిస్మాన్ని వాళ్ళు ఒప్పుకుంటారు. నుదుటిమీద నూనె రాస్తారు, అంతే. నాకు రాసినప్పుడు వారం రోజులు సబ్బు పెట్టకుండా కడుక్కున్నాను, మా ఆయన నవ్వాడు. నూనె రాయించుకున్నాక సత్ప్రసాదం, అంటే మన ప్రభు భోజనం లాంటిదే, తీసుకుంటారు. రాయించుకోనివాళ్ళు కూడా కమ్మీ దగ్గరకి రావొచ్చు, వాళ్ళకి అయ్యగారు తలమీద చెయ్యిపెట్టి దీవెన ఇస్తారు.

సమాధి సంగతి నేను ఆలోచించలేదనుకున్నావా? అమ్మతో అన్నాను, నాన్న పక్కన చోటు పోతుందేమో చూసుకో అని. "అది నాను సూసుకుంటాను" అంది. ఎలా చూసుకుంటుందో చెప్పలేదు. గురువారం గురువారం ఆటో ఎక్కి ఎక్కడికో వెళ్తుంది, మోకాళ్ళకి కరెంటు పెట్టించుకోడానికంటుంది. నూనె వాసన గానీ మందు వాసన గానీ రాదు. నాకూ అనుమానంగానే ఉంది, నీ ఒక్కడికే కాదు.

ఇక ఫోటో. నువ్వు అననే అన్నావు, ఎవరు తీశారని గొడవ మొదలెడతావని. మొదలెట్టాను. నిన్న కామరాజు బాబాయి రైతుబజారులో కనపడ్డాడు. ముసలామె దేవుడి ముందు మోకరిస్తే దొంగచాటుగా ఫోటో తియ్యడానికి సిగ్గులేదా బాబాయ్ అని నలుగురిలో అడిగేశాను.

"ఏ ఫోటోవే? నాను మీ గుడి గుమ్మం ఎప్పుడు తొక్కాను?" అన్నాడు.

"నరేష్‌కి పంపలేదా?"

"నా ఫోనుకి కెమెరా పగిలి ఏడాదయింది, సూడు కావాలంటే" అని ఫోన్ నా ముఖం మీద పెట్టాడు. నాటకం. సొరకాయలు పట్టుకునున్నవాళ్ళంతా చూస్తుండగా "దొంగ మాటలు ఆడకు" అన్నాను. ఆయన సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. కమిటీ సెక్రటరీ అయితే నాకేంటి.

ఒకటి చెప్పు. ఏడాదిన్నర అయింది నువ్వు ఇంటికి రాక. అమ్మ ఏం తింటోంది, ఎలా నిద్రపోతోంది అని అడగవు. ఎక్కడ మోకరించింది, అది మాత్రం కావాలి. నీకు అమ్మ కావాలా, అమ్మ పేరు కావాలా?

కోపంగా రాశాను, తీసెయ్యను. భోజనం వేళకి తిను.
అక్క


పారాదీప్
2 మార్చి 2025

అక్కా,

రెండు వారాలు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని.

బాబాయిని అలా నలుగురిలో అనాల్సింది కాదు. ఆయన నాకు ఫోన్ చేశాడు. "మీ అమ్మ అటు ఎల్లిందా, ఇటే ఉందా, ఒక్క మాట సెప్పు, నాను కమిటీకి ఏటి సెప్పాల" అన్నాడు. నువ్వే రాశావు కదా అవును అని. అదే చెప్పాను. అబద్ధం ఆడమంటావా? అమ్మ పేరు కొట్టేశారు. ఈస్టర్ తర్వాత మీటింగ్‌లో ఆ చోటు వేరే కుటుంబానికి రాసిస్తారట. భీమశంకరరావుగారి వాళ్ళు ఎప్పట్నించో అడుగుతున్నారు.

ఇప్పుడు సంతోషమా?

నాకు కోపం అమ్మ మీద కాదు. ఆమెని అలా తయారుచేసిన వాళ్ళ మీద. నాన్న మనకి ఏం నేర్పాడు? ప్రభు భోజనం కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద, దోసిలి పట్టి తీసుకోమన్నాడు. రాజు వస్తే సింహాసనం వేసినట్టు చేతులు పెట్టండ్రా అనేవాడు. అమ్మ జీవితమంతా అలాగే పట్టింది. మీ దగ్గర రెండు చేతులూ గుండెలమీద అడ్డంగా కట్టుకుని మోకరించింది, సంకెళ్ళు వేసినట్టు. ఎవరు నేర్పారు ఆమెకి ఈ వయసులో కొత్త పద్ధతులు? మీ అయ్యగారు వంగి చెవిలో ఏదో అంటున్నాడు, ఆమె ఇటు తిరిగి తల అడ్డంగా ఊపుతోంది, పో పో అన్నట్టు. సొంత మనుషుల్ని పొమ్మనేలా చేసిపెట్టారు మీరు.

నూనె, సబ్బు అని కథలు చెప్పకు. నేను చిన్నపిల్లాణ్ణి కాదు.

ఇక రాయడానికేం లేదు. అమ్మకి మందులకి కావాల్సింది పంపుతూనే ఉంటాను.
నరేష్


గోపాలపట్నం
9 మార్చి 2025

నరేషూ,

నీ మెయిల్ మూడుసార్లు చదివాను. షట్టర్ సగం దించి చదివాను.

చేతులు అడ్డంగా కట్టుకుంది అని రాశావు. అది ముందే ఎందుకు రాయలేదు రా? మా దగ్గర చేతులు అలా కట్టుకుంటే అర్థం ఏమిటో తెలుసా? నాకు వద్దు, దీవెన చాలు అని. ఇంకా చేరనివాళ్ళు పెట్టే గుర్తు అది. చేరినవాళ్ళెవరూ అలా పెట్టుకోరు. అయితే నవంబర్లో అమ్మ నూనె రాయించుకోలేదు. సత్ప్రసాదం తీసుకోలేదు. అప్పట్నించి ప్రతి ఆదివారం నేను పీఠానికి వీపు పెట్టి హార్మోనియం వాయిస్తుంటే, అమ్మ నా వెనక చేతులు కట్టుకుని దీవెన తీసుకుని వస్తోంది. పక్కింట్లో ఏ రంగు కర్టెన్లున్నాయో చెప్పగలను, నా వెనక జరిగేది నాకు తెలీదు.

రెండోది. తల అడ్డంగా ఊపింది అన్నావు. ఫోటోలో తల ఊపడం కనపడదు. అయ్యగారు వంగడం కనపడొచ్చు, ఆమె ఊపడం కనపడదు. బాబాయి ఫోనుకి నిజంగానే కెమెరా లేదు. నువ్వే అక్కడున్నావు.

నేను అనూరాధమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ మొదట చెప్పనంది, "మీ అమ్మగారు ఒట్టేయించుకున్నారమ్మా" అంది. ఇంటికొచ్చి అమ్మని నిలబెట్టి అడిగాను. అమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, నవంబర్లో నూనె రాయించుకున్నావా లేదా?"

"నేదు."

"మరి ఆఁ అన్నావు?"

"నువ్వు అయిపోయిందా అన్నావు. పూజ అయిపోయింది గదా, ఆఁ అన్నాను."

"ఎందుకు రాయించుకోలేదు?"

చేతిలోని చీర మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. "ఆడు వొచ్చాడే. పక్కగుమ్మం కాడ, సైకిళ్ళు ఎట్టేకాడ నిలబడ్డాడు. తలకి టోపీ, మూతికి గుడ్డ. నాను గుర్తుపట్టననుకున్నాడు కాబోలు. కన్నదాన్ని, నిలబడ్డ తీరు సూత్తే తెలీదా? ఎడం కాలు మీద బరువేసి, ఆళ్ళ నాన్నలాగ."

"మరి పిలవలేదే?"

"పిలిత్తే ఎల్లిపోతాడు. సూడనట్టు ఉంటే లోపలికొత్తాడేమో అని ఊరుకున్నాను. అయ్యగారు నూనె గిన్నె అట్టుకుని వొచ్చీసారు. ఆడు బయట నిలబడుంటే నాను లోపల ఎలాగ రాయించుకుంటాను? సేతులు కట్టుకున్నాను. ఏటమ్మా అని వొంగారు. కన్ను ఆడి మీదే ఉంది, ఇయాల ఒద్దయ్యగారూ అని తల ఊపాను. మళ్ళీ సూసీసరికి గుమ్మంలో ఎవలూ నేరు."

ఇంకా ఉంది. గురువారాలు మోకాళ్ళకి కాదు. మన పాత గుడికి వెళ్ళి ఆఖరి బల్ల మీద కూర్చుని వస్తోంది. గుడి తుడిచే దేవమ్మ ఆమెకి తలుపు తీస్తుంది. "ఆడు వొత్తే అక్కడికే గదా వొత్తాడు" అంది.

అమ్మ తల ఊపింది నిన్ను చూసి అనుకున్నావు, కదా? పో అంది అనుకున్నావు. అందుకే వెళ్ళిపోయావు.

నేను అవును అని రాశాను, నువ్వు బాబాయికి అవును అని చెప్పావు. బాబాయిని నేను బజారులో తిట్టాను, అందుకే ఆయన అడిగాడు. అమ్మ ఎవరికీ దూరం కాకుండా చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ చోటు పోగొట్టింది మనిద్దరమే.

ఏదో ఒకటి రాయి. తిట్టినా సరే.
అక్క


పారాదీప్
23 మార్చి 2025

అక్కా,

నేనే తీశాను. బాబాయికి సంబంధం లేదు. ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను. అంతా విన్నాడు. తర్వాత "మీ అక్కకి నువ్వే సెప్పు, రైతుబజారులో సెప్పమను" అన్నాడు. నువ్వు చెప్పాలి.

నవంబర్లో రెండ్రోజులు సెలవు పెట్టాను. దువ్వాడలో దిగి మా పాత షిఫ్ట్ స్నేహితుడి ఇంట్లో ఉన్నాను. ఇంటికి వద్దామనే వచ్చాను. అమ్మ ఆ ఆదివారం అటు చేరబోతోందని ఎవరో అన్నారు. నిజమా కాదా నా కళ్ళతో చూసి, తర్వాత వద్దామనుకున్నాను. లోపల మన పాటే పాడుతున్నారు. నాన్న పాడే వరసలోనే. గుమ్మం దాటడానికి ఒక కాలు ఎత్తాను కూడా. అప్పుడే ఫోటో తీశాను, ఎందుకో తెలీదు, ఋజువు కావాలనిపించింది. వెంటనే అమ్మ నా వైపు తల తిప్పి అడ్డంగా ఊపింది. ముఖంలో ఏమీ లేదు. రావద్దంది, ఇక నేను ఈ ఇంటివాణ్ణి కాను అనుకున్నాను. స్టేషన్‌కి వెళ్ళి దొరికిన బండి ఎక్కాను.

అది అయ్యగారికి చెప్పిన మాట అని నాకెలా తెలుస్తుంది? మన గుడిలో ఎవరూ అలా తల ఊపరు, కమ్మీ దగ్గరికి వెళ్ళినవాళ్ళు తీసుకునే తిరిగొస్తారు.

బాబాయిని బతిమాలాను. అమ్మ చేరలేదు, పొరపాటైంది, పేరు మళ్ళీ రాయండి అన్నాను. ఆయన కమిటీతో మాట్లాడాడు. కొట్టేసిన పేరు మళ్ళీ రాయాలంటే ఆమె ఈస్టర్ నాడు మన గుడికొచ్చి అందరితో పాటు ప్రభు భోజనం తీసుకోవాలట. ఇక అటు వెళ్ళనని ఒక మాట అనాలట. అప్పుడు నాన్న పక్కన చోటు ఆమెదే.

అక్కా, నేను అడగను. అడిగే మొహం లేదు. నువ్వు అమ్మకి ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించు. ఇటో అటో లాగకు. ఆమె ఏమంటే అది. ఇటు వస్తానంటే నువ్వు బాధపడతావని తెలుసు. అటు అంటే నాన్న ఒక్కడే ఉంటాడు. అయినా ఆమె ఏమంటే అది.

ఈస్టర్‌కి సెలవు పెట్టాను. ఏ గుడికి రావాలో నాకు చెప్పండి.
నరేష్


గోపాలపట్నం
6 ఏప్రిల్ 2025

నరేషూ,

ముందు బాబాయి. నిన్న రైతుబజారులో, అదే సొరకాయల బండి దగ్గర, నాదే తప్పు బాబాయ్ అన్నాను. "గట్టిగా సెప్పు, మొన్న గట్టిగానే అన్నావు" అన్నాడు. గట్టిగా చెప్పాను. ఒక సొరకాయ నా సంచీలో వేసి వెళ్ళాడు. చేదుది వేశాడేమో అని వండేదాకా అనుమానమే. బాగానే ఉంది.

నీ మెయిల్ అమ్మకి చదివాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట మింగలేదు. కావాలంటే మా ఆయన్ని అడుగు, పక్కనే ఉన్నాడు. నీకు నా మీద నమ్మకం తక్కువ కాబట్టి సాక్షిని పెట్టుకున్నాను.

నువ్వు స్టేషన్‌కి వెళ్ళిపోయావన్న చోట అమ్మ ఆపమంది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఈస్టర్ దాకా వచ్చేసరికి ఇలా అంది, నేను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆయన పక్కన పడుకోవాలనే ఉంది నాకు. కానీ ఇటు ఎల్లనని అనమంటే ఎలాగ అంటాను? ఈ పిల్ల వాయిత్తంటే ఎనకాల కూసుని పాడుకుంటన్నాను, వారమంతా దాని కోసమే సూత్తాను. ఆ మాట అనేసి ఎల్లి ఆయన పక్కన పడుకుంటే, ఆయనే అడుగుతాడు, పిల్లనెక్కడ ఒదిలేసొచ్చావే అని. నరేష్‌గాడికి సెప్పు. నాను ఇక్కడే రాయించుకుంటాను నూనె. ఆడు లోపలికొచ్చి నా పక్కన నిలబడాల. బయట నిలబడితే ఈసారీ రాయించుకోను. అలాగ ఎన్ని ఈస్టర్లయినా కూసుంటాను."

అయ్యగారిని అడిగాను. నువ్వు మా సభ వాడివి కాకపోయినా సాక్షిగా పక్కన నిలబడొచ్చట. నిన్ను మార్చడానికి ఇదో ఎత్తు అనుకుంటావని తెలుసు. నీ చేత ఏదీ అనిపించరు, దేనిమీదా సంతకం పెట్టించరు. నేను పూచీ. అయినా నీ ఇష్టం.

ఒకటే అడుగుతాను. నేను ఆ పూట కూడా వాయిస్తూ ఉంటాను, తిరిగి చూడ్డానికి ఉండదు. నువ్వు చూడు. చూసింది నాకు చెప్పు.

కొత్త చొక్కా కొనకు, నేను కుట్టిస్తున్నాను. పొట్ట కొలత మాత్రం నిజం రాయి.
అక్క


పారాదీప్
24 ఏప్రిల్ 2025

అక్కకి,

ఈ ఉదయం చేరాను. ఇంట్లో నువ్వు అడిగావు, ఏం చూశావు చెప్పు అని. అందరూ ఉన్నారు, చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మీ చిట్టెమ్మగారు నన్ను పట్టుకుంది. "ఎవలు బాబూ నువ్వు? ఈ విచారణేనా?" అంది. కాదన్నాను. "ఆ పాతోళ్ళా?" అంది. అవునన్నాను. నా చెప్పులు కూడా అనుమానంగా చూసింది. అయినా బల్ల మీద జరిగి చోటిచ్చింది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. నేను పారిపోతానన్నట్టు గట్టిగా పట్టుకుంది, వేళ్ళ గుర్తులు పడ్డాయి. కమ్మీ దగ్గర మోకరించాక కూడా వదల్లేదు. అయ్యగారు నూనె గిన్నె పట్టుకుని వచ్చి, "అసిరమ్మగారూ, ఇవాళేనా?" అని నవ్వుతూ అడిగారు. ఆమె నా వైపు చూసింది. అయ్యగారి వైపు కాదు, నా వైపు. నేను తలూపాను. అప్పుడు ముఖం ఎత్తింది. బొటనవేలితో నుదుటిమీద రాశారు. నూనె కొంచెం ఎక్కువై కనుబొమ్మ మీదికి జారితే నా జేబురుమాలుతో తుడవబోయాను, చెయ్యి కొట్టేసింది.

తర్వాత దోసిలి పట్టింది అక్కా. కుడిచెయ్యి పైన. ఎవరో కొత్తది నేర్పారని నేను రాశాను. ఎవరూ ఏమీ మార్చలేదు. నాకు దీవెనే ఇచ్చారు, అది చాలు. నేను మీవాణ్ణి కాలేదు, కావాలనుకోవడం లేదు, మా గుడికే వెళ్తాను. ఇది అమ్మకీ చెప్పాను. "నిన్నెవలు రమ్మన్నారు? నిలబడమన్నాను, నిలబడ్డావు" అంది.

లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. అనూరాధమ్మగారు ఒకవైపు, నేను ఒకవైపు పట్టి లేపాం. నువ్వు ఆఖరి చరణం రెండుసార్లు వాయించావు, అందుకే. ఎందుకు ఆలస్యమైందో నీకు తెలీలేదు, ఇప్పుడు తెలిసింది.

ఇక రెండోది. బాబాయి సోమవారం చెప్పాడు, మీటింగ్ అయిపోయింది. చోటు భీమశంకరరావుగారి వాళ్ళకి రాసిచ్చేశారు. ఆయన ఒక్కడే వద్దన్నాడట, మిగతావాళ్ళు వినలేదు. నీకు చెప్పకుండా నేనే అమ్మకి చెప్పాను, స్టేషన్‌కి బయల్దేరే ముందు. ఏడుస్తుందనుకున్నాను. మంచం మీద కూర్చుని కాసేపు చీర కొంగు సర్దుకుంది.

"ఈళ్ళ సమాధుల తోట ఎక్కడుంది?" అంది.

"మనదాని పక్కనే కదమ్మా. మధ్యలో గోడ."

"ఆ గోడ వారన ఇమ్మని అడుగు."

నేను బండికి తొందరగా వెళ్తున్నానని చెప్పాను కదా, నేరుగా స్టేషన్‌కి వెళ్ళలేదు. ఆటో వాణ్ణి తోట దగ్గర ఆపమన్నాను. నాన్న దగ్గర నిలబడి చూశాను. గోడ ఎత్తేం లేదు, నా ఛాతీ దాకా ఉంది. దగ్గరికి వెళ్ళి అవతలికి వంగి చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు, ఎవరినీ పెట్టలేదు. అక్కణ్ణించి పెద్దగా పిలిస్తే నాన్న దగ్గరికి వినపడేంత దూరం.

మీ అయ్యగారిని ఆ చోటు అడగాలి. నువ్వు అడుగుతానంటావు, నువ్వు అడిగితే బేరంలో పడి కర్టెన్ల దగ్గరికి వెళ్ళిపోతావు. ఆయన మీద నాకు ఇంకా కొంచెం అనుమానం ఉంది, అది పోలేదు. అయినా నేనే అడుగుతాను. ఆయన నంబర్ పంపు.

అమ్మకి చేరానని చెప్పు. పొట్ట కొలత నిజమే రాశాను, అయినా చొక్కా బిగుతైంది.
నరేష్